మాయకూ యంత్రానికీ మధ్య



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. పే రివిజన్ గురించి వ్రాయడానికి నాకంటె సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక, మా ఇంటి తగవు ఒకటి వ్రాస్తానన్నాను. 2024లో మా మనవడు నన్ను 'కల్కి 2898 ఏడీ' సినిమాకు తీసుకువెళ్లాడు. తిరిగి వస్తుంటే "ఇది సైన్స్ ఫిక్షన్ తాతయ్యా" అన్నాడు. అశ్వత్థామ ఉన్నాక సైన్సేమిటిరా, ఇది మన జానపదమే అన్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా తగవు తెగలేదు.

మా తరం పెరిగింది మాయల్లోనే. 1947 జులైలో 'చందమామ' ప్రారంభించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే విజయా వారి పేరిట 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్' తీశారు. రెండింటికీ దర్శకులు కె.వి.రెడ్డిగారు. టూరింగ్ టాకీసులో నేలటిక్కెట్టుకు కూర్చుని ప్రియదర్శిని పెట్టెను నోరు తెరుచుకుని చూశాను. ఎవరు మూత తెరిస్తే వారికి ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. వాళ్లమ్మ రేవతీదేవికి మణిమాణిక్యాలు. అదెలా పనిచేస్తుందని మాలో ఒక్కడూ అడగలేదు. కృష్ణుడిచ్చాడు, చాలు.

ఆ రేవతి పుట్టింటి కథ ఇంకా చిత్రమైనది. భాగవతంలో ఉంది. ఆమె తండ్రి కకుద్మి, కూతురికి తగిన వరుడెవరో అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లాడు. అక్కడ సంగీతం జరుగుతుంటే అయ్యేదాకా ఆగాడు. సంగతి చెప్పుకోగానే బ్రహ్మ నవ్వి, నీవు అనుకున్న వరులంతా ఎప్పుడో పోయారు, భూమిమీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి అన్నాడు. చివరకు బలరాముడికిచ్చి పెళ్లి చేశాడు. (పెద్ద ఆఫీసులో మన వంతు వచ్చేసరికి ఇలాగే ఉండేది, అది వేరే సంగతి.) కాలప్రయాణమంటే ఇది కాక మరేమిటి?

అయినా ఇది వైజ్ఞానిక కల్పన కాదు. 1895లో ఇంగ్లండులో హెచ్.జి.వెల్స్ 'ది టైమ్ మెషీన్' నవల ప్రచురించాడు. అందులో కాలంలోకి వెళ్లేవాడు ఒక యంత్రం తయారు చేసుకుని, ఎక్కి, మీట నొక్కి వెళతాడు. కకుద్మికి మీట లేదు. ఆయన వెళ్లిన చోటే అలాంటిది.

గుమాస్తాగా నాకు తోచిన తేడా ఇది. మాయ పైవారి ఉత్తర్వు వంటిది. కారణం అడగకుండా అమలవుతుంది. యంత్రానికి నోట్ ఫైలు ఉండాలి, ఎవరు తయారు చేశారు, దేనితో నడుస్తుంది, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అని. అంతమాత్రాన మాయ ఇష్టారాజ్యం కాదు. శాపానికి విమోచనం ఉండాలి, వరానికి హద్దు ఉండాలి. నియమం తప్పితే రెండు కథలూ కూలతాయి. ఈ మాటలో అవి అక్కచెల్లెళ్లే.

దీనికి సాక్ష్యం ఒకే మనిషిలో ఉంది. 'మాయాబజార్'కు కె.వి.రెడ్డిగారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావుగారే 1991లో 'ఆదిత్య 369' తీశారు. అందులో శాస్త్రవేత్త కట్టిన యంత్రం కథానాయకుణ్ణి 1526 నాటి కృష్ణదేవరాయల కాలానికి తీసుకుపోతుంది; అక్కడినుంచి 2504లోకి, మనుషులు భూగర్భంలో తలదాచుకున్న రోజుల్లోకి. మూడేళ్లకే, 1994లో, అదే బాలకృష్ణతో ఆయన 'భైరవద్వీపం' తీశారు. అది అచ్చమైన జానపదం. గురువు దగ్గర నేర్చిన విద్య రెండింటికీ పనికివచ్చింది.

ఇదంతా మా వాడికి చెప్పాను. "మరి కల్కి?" అన్నాడు. అశ్వత్థామ శాపం ఒక ఫైలు, ఆ యంత్రాలు ఇంకో ఫైలు, రెండూ కలిపి కుట్టారన్నాను. సగం ఒప్పుకున్నాడు.

తరవాత వాడు సెల్‌ఫోను చూపించి, "ఇదే కదా తాతయ్యా నీ ప్రియదర్శిని! అమెరికాలో అత్తయ్య కనిపిస్తుంది" అన్నాడు. నిజమే, ఆదివారం ఆదివారం కనిపిస్తుంది. కాని అది అవతలివాళ్లు ఎత్తితేనే. ప్రియదర్శినిలో అవతల ఎవరూ ఎత్తనక్కరలేదు. మీ బామ్మ పోయి నాలుగేళ్లయిందిరా, ఫోనులో ఏ నంబరు నొక్కను, అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. పాత ఫొటోలు వెతికి, ఆవిడ వసారాలో పూలు కడుతున్నది ఒకటి నా ఫోను తెరమీద పెట్టి ఇచ్చాడు.