బందరు విద్యాచరిత్రలో ఒక పాత ప్రశ్న

కృష్ణానది సముద్రంలో కలిసేచోట హంసలదీవి ఉన్నది. నది రెండు పాయలుగా చీలి చుట్టుకొన్న దివిసీమకు అది కొట్టకొన. వెనుకటి రోజుల్లో ఈ సీమ పిల్లవాడు పై చదువు చదవదలచుకొంటే పాయ దాటి బందరు చేరవలసిందే. ఎంతమంది చేరారన్నది ఒక ప్రశ్న. చేరినవారిలో ఎంతమంది చివరిదాకా నిలిచారు, నిలవనివారు ఎందుకు నిలవలేదన్నది రెండో ప్రశ్న. మన విద్యాచరిత్రకారులు మొదటిదానికి లెక్కలు కట్టినంత శ్రద్ధగా రెండోదానికి జవాబు వెదకలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రెండో ప్రశ్న కొత్తదేమీ కాదు. పన్నెండవ శతాబ్ది చివరా, పదమూడవ శతాబ్ది ఆరంభంలోనూ మధ్య ఆసియాలో జీవించిన బుర్హానుద్దీన్ అల్ జర్నూజీ ఈ ప్రశ్న మీదనే ఒక చిన్న గ్రంథం రాశాడు. దాని పేరు 'తాలీముల్ ముతఅల్లిమ్'. పదమూడు అధ్యాయాలు. తన కాలంలో ఎందరో విద్యార్థులు కష్టపడి కూడా ఫలితం పొందలేకపోవడం చూసి, లోపం వారి తెలివిలో కాక అనుసరించిన పద్ధతిలో ఉన్నదని గ్రహించి దానిని రాయబూనినట్లు మొదట్లోనే చెప్పుకొన్నాడు. గురువును ఎట్లా ఎంచుకోవాలి, ఎటువంటి సహాధ్యాయులతో తిరగాలి, తొలి పాఠం ఎంత ఉండాలి వంటి విషయాలన్నీ అందులో ఉన్నాయి. ఊరికే వల్లె వేయడం కంటె తోటివారితో చర్చించడానికే ఆయన పెద్దపీట వేశాడు. బుఖారాకు చదువుకోసం వెళ్లేవాడు గురువును ఎంచుకోవడంలో తొందరపడక రెండు నెలలు ఆగి ఆలోచించాలనే సలహా కూడా అందులో కనిపిస్తుంది. చేరి మధ్యలో విడిచిపెట్టడం కంటె ఆగి చేరడం మేలన్నది దాని భావం.

ఇక బందరు సంగతి. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో మచిలీపట్నం ప్రధాన రేవు. ఇరాన్ నుండి వచ్చిన వర్తకులు, గుమాస్తాలు, అధికారులు ఇక్కడ స్థిరపడ్డారు. అర్దిస్తాన్ నుండి వచ్చి వజ్రాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా పనిచేసిన మీర్ ముహమ్మద్ సయీద్ ఈ రేవుకు అధికారియై, తర్వాత మీర్ జుమ్లాగా గోల్కొండ రాజ్యాన్నే శాసించాడు. పారశీకం రాసే చెయ్యి, లెక్క తెలిసిన బుర్ర ఉంటే మనిషి ఎంత ఎత్తుకు పోగలడో చెప్పడానికి ఆయన జీవితం చాలు. 1687లో గోల్కొండ పతనమైనా, 1759లో బందరు కోట ఇంగ్లీషువారి వశమైనా పారశీకం విలువ వెంటనే పోలేదు. కాని 1837లో కంపెనీ ప్రభుత్వం పారశీకానికి ఉన్న అధికార భాష హోదాను తొలగించే చట్టం చేసింది. 1844 అక్టోబరులో గవర్నర్ జనరల్ హార్డింజ్ ఇంగ్లీషు చదివినవారికే ఉద్యోగాల్లో ప్రాధాన్యమన్నాడు. నిచ్చెన ఒక గోడ నుండి తీసి ఇంకో గోడకు వేశారు.

ఆ కొత్త నిచ్చెన బందరులో అప్పటికే వెలసింది. చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో వచ్చిన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ 1843 నవంబరులో ఇంగ్లీషు పాఠశాల తెరిచాడు. నేటి నోబుల్ కళాశాలకు మూలం అదే. ఆయనతో వచ్చిన హెన్రీ ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించగా నోబుల్ బడినే అంటిపెట్టుకొన్నాడు. 1865లో మరణించేదాకా స్వదేశానికి తిరిగి వెళ్లనేలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరులో సుమారు ముప్పై వేలమంది మరణించినప్పుడు కూడా ఆయన ఇక్కడే ఉన్నాడు. విద్యార్థులను ఒక్కొక్కరినీ ఎరిగి, వారితో కలిసిమెలిసి పాఠం చెప్పిన గురువు. న్యాయంగా చెప్పుకోవాలంటే ఆనాటి తీరాంధ్రలో అంత శ్రద్ధ గల ఇంగ్లీషు ఉపాధ్యాయుడు అరుదు. అయితే ఆయన అగ్రవర్ణాల పిల్లలనూ, ముస్లిం పిల్లలనూ చేర్చుకొని, అంటరానివారుగా చూడబడ్డవారి పిల్లలను చేర్చుకోలేదన్న విమర్శ ఆయన కాలంలోనే వచ్చింది. ఆ విమర్శ సబబైనదే.

1852లో అయినాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకొన్నారు. ఒక్కసారిగా బడి ఖాళీ అయింది. పిల్లలు తిరిగి రావడానికి కాలం పట్టింది. తర్వాతి కాలంలో జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కూడా ఈ బడి ప్రభావంతోనే క్రైస్తవుడై, ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో పట్టం పుచ్చుకొని, మిషనరీగా మన దేశానికే తిరిగివచ్చాడు.

చదువు పరంగా చూస్తే జానీ అలీ బందరు బడి సాధించిన గొప్ప విజయం. అతని ఇంటివారి వైపునుండి చూస్తే? ఇక్కడ కాస్త ఆగవలసి ఉన్నది. తల్లిదండ్రులు భయపడింది ఇంగ్లీషు భాషకు కాదు, గణితానికి కాదు. ఆ గురువు దగ్గర పిల్లవాడికి ఏర్పడే చనువుకే భయపడ్డారు. బడిలో మనసు లగ్నం కాకపోతే చదువు రాదు. మనసు పూర్తిగా లగ్నమైతే పిల్లవాడు ఇంటికి దక్కడు. ఈ రెంటి మధ్య నలిగిన తండ్రిని ఛాందసుడని తీసిపారేయడం సులభమే గాని న్యాయం కాదు.

సర్కారువారు మాత్రం ఆ తండ్రిని అడగలేదు, లెక్కలు తీశారు. 1871 ఆగస్టులో మేయో ప్రభుత్వం ముస్లిముల విద్యపై తీర్మానం చేసింది. 1882లో నియమితమైన హంటర్ కమిషను తన నివేదికలో ఇందుకు ప్రత్యేక భాగమే కేటాయించింది. 1871 నాటికి మద్రాసు రాజధాని జనాభాలో ముస్లిములు నూటికి 6 మంది. బడులలో ఉన్న పిల్లల్లో నూటికి 4.4. ఇది మరీ నిరాశపడవలసిన అంకె కాదు. అదే అవధ్‌లో జనాభాలో 9.9 మందే అయినా బడుల్లో 25.3 మంది. కనుక ముస్లిములు చదువుకే దూరమన్న వాదన ఆ పట్టికలోనే వీగిపోతుంది. కాగా 1881-82లో మద్రాసు రాజధానిలోని ఇంగ్లీషు కళాశాలల్లో ఉన్న 1,669 మందిలో ముస్లిములు 30 మంది, నూటికి రెండు కూడా కాదు. అంటే పిల్లలు బడి గడప తొక్కకపోవడం కాదు, ఎక్కుతూ ఎక్కుతూ నడిమధ్యలో రాలిపోవడమే అసలు జబ్బు.

కమిషను పదిహేడు సిఫార్సులు చేసింది. ఉపకార వేతనాలు, ముస్లిం ఉపాధ్యాయుల శిక్షణ, ముస్లిం తనిఖీదారుల నియామకం వాటిలో ఉన్నాయి. ముస్లిం పాఠశాలల్లో హిందూస్థానీయే బోధనా భాషగా ఉండాలన్నారు. అయితే స్థానిక ముస్లిములు వేరే భాష కోరుకొన్నచోట మినహాయింపు ఇచ్చారు. మన జిల్లాకు సంబంధించినంతవరకు ఈ మినహాయింపే ముఖ్యం. కృష్ణా డెల్టాలోని నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల ఇంటి భాష తెలుగు. నమాజు అరబీలో, మాట తెలుగులో, బడి ఉర్దూలో, ఉద్యోగం ఇంగ్లీషులో అయితే ఆ పిల్లవాడు ఎన్ని పాయలు దాటాలి?

ఇరవయ్యో శతాబ్దిలో అమెరికా పండితులు ఈ విషయాన్ని శాస్త్రంగా పెంచారు. అలెగ్జాండర్ ఆస్టిన్ 1984లో విద్యార్థి కళాశాల జీవితంలో ఎంత శక్తి, కాలం వెచ్చిస్తే అంత ఎదుగుతాడని సిద్ధాంతీకరించాడు. విన్సెంట్ టింటో 1975లో ఒక వ్యాసంలోనూ, 1987లో గ్రంథంలోనూ, చదువులోనూ సహవాసంలోనూ కళాశాలతో కలిసిపోలేనివాడే మానేస్తాడని వాదించాడు. కలిసిపోవాలంటే పాత సమాజాన్ని వదలి కొత్తదానిలో ప్రవేశించాలన్న భావన అందులో ఉన్నది. 1992లో విలియం టియర్నీ దీనిని నిలదీశాడు. పాలకవర్గపు పిల్లవాడికి కళాశాల తన ఇంటికి పొడిగింపు వంటిది, అమెరికా ఆదివాసి విద్యార్థికి మాత్రం కలిసిపోవడమంటే తన వారినీ, తన సంస్కృతినీ వదులుకోవడమేనన్నాడు. ఆ తర్వాత టింటో కూడా ఇంటితో, స్వసమాజంతో ఉండే బంధం కొందరు విద్యార్థులు నిలవడానికి తోడ్పడుతుందని అంగీకరించాడు. మన బందరు తండ్రులకు ఈ సంగతి 1852లోనే తెలుసు.

ఇల్లు విడవనక్కరలేని చదువు ఎట్లా ఉంటుందో కూడా బందరులోనే చూడవచ్చు. హిందూ హైస్కూలులో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి తెలుగు చెప్పారు. ఆయన శిష్యుల్లో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు ఉన్నారు. గంట కొట్టాక కూడా గురువు చుట్టూ చేరే ఆ శిష్యబృందం మన హల్ఖాలను గుర్తుకు తెస్తుంది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పి చదువుకు చేతిపనిని, చిత్రలేఖనాన్ని జతచేశారు. ప్రమోదకుమార్ ఛటర్జీ వంటి చిత్రకారుడు అక్కడ నేర్పాడు. అక్కడి ఉత్సాహానికి కొరత లేదు. సర్కారు గుర్తింపు మాత్రం లేదు. ఇష్టంగా నిలిచి చదివినా ఉద్యోగం దొరకని చదువు ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇప్పుడు పరిస్థితి మారింది. 2007లో మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్లు వచ్చాయి. 2008లో బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దివిసీమ పిల్లవాడికి దూరం తగ్గింది. అయినా దేశం మొత్తం మీద 2019-20లో ఉన్నత విద్యలో సుమారు 21 లక్షలున్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020-21లో 19.21 లక్షలకు పడిపోయిందని అఖిల భారత ఉన్నత విద్యా సర్వే చెప్పింది. కరోనా ఏడాది కనుక అన్న సమాధానం సరిపోదు, ఆ ఏడాది మొత్తం విద్యార్థుల సంఖ్య పెరిగింది. మళ్లీ అదే తీరు. ఎంతమంది తగ్గారో పట్టిక చెబుతుంది. ఏ పిల్లవాడు ఏ సెమిస్టరులో ఏ పాఠం దగ్గర ఆగాడో చెప్పదు.

జర్నూజీ రెండు నెలలు ఆగమన్నాడు. మన విద్యార్థి నెట్ సెంటరులో కూర్చొని, వెనుక వరుసలో వేచివున్నవాడు తొందరపెడుతుండగా, పేరు తప్ప ఏమీ తెలియని కళాశాలలకు వరుసగా ఆప్షన్లు పెడుతున్నాడు. ఇంట్లో అంతకుముందు కళాశాల చూసినవారు ఎవరూ ఉండరు. ఆ ఎంపిక ఎట్లా జరిగింది, తర్వాత ఏమయింది అన్నది ప్రతి మసీదు కమిటీ తన మహల్లాలోని పిల్లలను అడిగి ఒక పుస్తకంలో రాసిపెట్టుకోగల విషయమే. హంటరు పట్టికలో లేని గడి అదే.