మన నేల మీద పడిన నీడ: గ్రహణాల చరిత్ర

గ్రహణం అనగానే మన ఇళ్లలో పెద్దలు ముందు వంట ఆపేస్తారు. పచ్చడి జాడీల మీద గరిక వేస్తారు. తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు. కడుపుతో ఉన్న ఆడబిడ్డను గడప దాటనివ్వరు. ఇవన్నీ మనం చూస్తూ పెరిగినవే. అయితే గ్రహణానికి ఎదురువెళ్లి చూసినవాళ్ల చరిత్ర కూడా ఈ నేల మీదే ఉంది. మన యువత అది తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మధ్య భారతంలోని పలు ఆదివాసీ సమాజాల్లో ఒక కథ చెప్పుకునేవారు. సూర్యచంద్రులు పేదల అప్పుకు జామీను ఉన్నారట. అప్పు తీరకపోతే అప్పిచ్చినవాడు వచ్చి వాళ్లను పట్టుకుంటాడట. అదే గ్రహణమట. వెరియర్ ఎల్విన్ ఇలాంటి కథలను సేకరించి 1949లో అచ్చువేశారు. షావుకారు చేతిలో నలిగిన బతుకులే ఆ కథను అల్లాయి. కథను కథగా కాపాడుకుందాం. కారణాన్ని మాత్రం కారణంగా నేర్చుకుందాం.

అమావాస్య నాడు చంద్రుడు సూర్యుడికీ భూమికీ మధ్యకు వస్తే సూర్యగ్రహణం. పౌర్ణమి నాడు భూమి నీడ చంద్రుడి మీద పడితే చంద్రగ్రహణం. చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే ప్రతి అమావాస్యకూ, ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణులు పెట్టారు. ఆ రోజు సూర్యుడి అంచు వెలుగులో కనిపించిన పసుపు గీతే తరువాత హీలియం గుర్తింపుకు దారితీసింది. అదే గ్రహణాన్ని మన తెలంగాణలోని వనపర్తి నుంచి చూసిన బృందానికి నాయకుడు ఒక భారతీయుడు, చింతామణి రఘునాథాచారి. పంచాంగం లెక్కలను ఆకాశంలో కంటికి కనిపించేదానితో సరిచూసి దిద్దాలని ఆయన వాదించారు.

111 ఏళ్లకు పైగా గడిచాక, 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం, సంపూర్ణ గ్రహణం నీడ మళ్లీ తెలంగాణ మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్ రంగాపూర్ నక్షత్రశాలలో శాస్త్రవేత్తలు రెండు నిమిషాలకు పైగా నిండు గ్రహణాన్ని చూశారు. నల్లగొండ, ఖమ్మం ప్రాంతాలు ఆ నీడదారిలోనివే. మన బయ్యారం అప్పుడు ఖమ్మం జిల్లాలోనే ఉండేది. ఎక్కడెక్కడి నుంచో పరికరాలు మోసుకొచ్చి చూసిన దృశ్యం అది. మన దగ్గర మాత్రం తలుపులు వేసుకుని కూర్చున్నామని చెప్పే పెద్దలు గూడేల్లో, తండాల్లో ఇంకా ఉన్నారు.

ఆ భయం నేటికీ పోలేదు. గ్రహణం రాత్రి కొందరు పిల్లలు హాస్టల్లో అన్నం ముట్టరు. మేము మాత్రం వేళకే వడ్డిస్తాం, కారణం చెప్పి తినిపిస్తాం. గ్రహణం వల్ల అన్నం పాడవదు. గర్భిణి పస్తు ఉంటేనే, వేసుకోవాల్సిన మందు మానేస్తేనే నష్టం. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. కావాలంటే రేపే నిలబెట్టి చూడండి.

అన్ని భయాలూ ఉత్తవి కావు. సూర్యగ్రహణాన్ని నేరుగా చూస్తే కంటిచూపు పోవచ్చు. నల్ల కళ్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టిన గాజు ఏవీ కాపాడవు. గ్రహణం చూడడానికి ప్రత్యేకంగా చేసిన కళ్లద్దాలే వాడాలి. అవి లేకపోతే సూర్యుడికి వీపు పెట్టి, జల్లెడను ఎండలో పట్టండి. కింద నేల మీద ప్రతి చుక్కా ఒక చిన్న నెలవంకై కనిపిస్తుంది. చంద్రగ్రహణాన్ని మాత్రం మామూలు కళ్లతో ఎంతసేపైనా చూడవచ్చు.

2028 డిసెంబర్ 31 రాత్రి మనకు సంపూర్ణ చంద్రగ్రహణం కనిపిస్తుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ రాత్రి మీ వాకిట్లోకి రండి, ఇంట్లోవాళ్లనూ పిలవండి. అంతకంటే ముందు మీ తాత దగ్గర, అమ్మమ్మ దగ్గర కూర్చుని 1980లో ఏం చేశారో, ఏం అనుకున్నారో అడిగి రాసుకోండి. శాస్త్రవేత్తల లెక్కలు పుస్తకాల్లో ఉన్నాయి. మన పెద్దల మాట ఇంకా ఎక్కడా రాయలేదు.