నూటికి పావలా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలైంది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు మూడూ చాలావరకు వరంగల్ జిల్లాలోనివే. బర్రెల్ని సాకి పాలు పోసినా, కిరాణం నడిపినా, మిర్చి ఎండబెట్టి కారం పట్టించి అమ్మినా ఇక్కడి ఆడవాళ్లకు పనితనం ఎవరూ నేర్పనక్కర్లేదు. లేనిదల్లా పెట్టుబడి. అందుకే వాళ్ల చిన్న వ్యాపారాల చరిత్ర చాలావరకు వడ్డీ చరిత్ర.

సొంత పూచీ మీద నిలబడ్డ ఆడమనిషిగా చాకలి ఐలమ్మ నుంచి ఈ కథ మొదలుపెట్టాలి. 1940లలో పాలకుర్తిలో ఆమె కౌలుకు చేసిన నాలుగెకరాల పంట మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అండగా నిలిచి ధాన్యాన్ని ఆమె ఇల్లు చేర్చారు. ఒంటరి పూచీకి సంఘం తోడైతే ఏమవుతుందో జనగామ ప్రాంతం అప్పుడే చూసింది.

ఆ తోడు అప్పు విషయంలో దొరకడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1982లో పల్లె మహిళల్ని సంఘాలుగా చేర్చే డ్వాక్రా పథకం వచ్చింది. 1992లో నాబార్డ్ పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయత్నం మొదలుపెట్టింది. ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 2004లో ప్రకటించిన పావలా వడ్డీ లెక్కన అది 3 శాతమే. కానీ మొదట బ్యాంకుకు వడ్డీ మొత్తం కట్టాలి, గడువు తప్పకూడదు, ఆ తర్వాతే సర్కారు తేడా తిరిగిచ్చేది. ఆ సొమ్ము ఆలస్యమైతే భారం మోసింది ఆడవాళ్లే.

ఈలోగా వారం వారం వాకిట్లోకొచ్చి వసూలు చేసే మైక్రోఫైనాన్స్ అప్పులు ఊళ్లను చుట్టుముట్టాయి. 2010 అక్టోబర్‌లో సర్కారు తెచ్చిన ఆర్డినెన్స్ ఇంటి ముందు వసూళ్లను ఆపింది. 2011లో సంఘాల సొంత పరపతి సంస్థగా స్త్రీనిధి ఏర్పడింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. అప్పు ఎవరికివ్వాలో తేల్చడంలో సంఘాల మాటకు బలం వచ్చింది.

ఆ నిర్ణయాలు సంఘం తీర్మానాల పుస్తకంలో ఉంటాయి. బర్రెకు, కుట్టుమిషన్‌కు, దుకాణంలో సరుకుకు ఎవరికెంత ఇచ్చారో రాసి, కింద సంతకాలు, వాటి పక్కనే వేలిముద్రలు. ఏ గెజిట్‌లోనూ దొరకని ఆర్థిక చరిత్ర అది. నిండిన పుస్తకాలు పాతకాగితాల కింద పోకముందే మూడు జిల్లాల మహిళా సమాఖ్యలు వాటిని సేకరించి భద్రపరచాలి.