మరమ్మతుశాలలో సంఖ్యాశాస్త్రము

బస్సు ఆలస్యమైనచో డ్రైవరును, కాగితము కదలనిచో గుమాస్తాను నిందించుట లోకములో పరిపాటి. ఈ నింద ఎంతవరకు న్యాయము? 1980 దశకములో అమెరికాలోని మాడిసన్ నగరమున మెకానిక్కులు తమ పనిని తామే లెక్కకట్టి ఈ ప్రశ్నకు జవాబు కనుగొనిరి.

విస్కాన్సిన్ రాష్ట్రమునకు రాజధాని మాడిసన్. 1983లో ఆ నగరమునకు జోసెఫ్ సెన్సెన్‌బ్రెనర్ మేయరుగా ఎన్నికయ్యెను. ఒకవైపు కేంద్ర ప్రభుత్వపు సహాయము తగ్గుచుండగా, మరొకవైపు ఖర్చులు పెరుగుచుండెను. ఆ రోజులలో డెమింగ్ అను సంఖ్యాశాస్త్రజ్ఞుని బోధ అతనిని ఆకర్షించెను. ఫ్యాక్టరీ సరుకులోని హెచ్చుతగ్గులను గుర్తించుటకు 1924లో వాల్టర్ షూహార్ట్ ఒక గ్రాఫును రూపొందించెను. ఆ పద్ధతిని 1950లో జపాను ఇంజనీర్లకు బోధించినవాడే డెమింగ్. (షూహార్ట్ 1947-48లో మహలనోబిస్ ఆహ్వానముపై మన దేశమునకు కూడ వచ్చెను.) దోషములలో అధిక భాగము పనివానివి కావు, పని జరుగు విధానమునకు చెందినవి అని డెమింగ్ వాదము. ఫ్యాక్టరీలో రుజువైన ఈ మాట పురపాలక సంఘములో నిలుచునా?

పరీక్షకు ఎన్నుకొన్నది నగర వాహనములను బాగుచేయు ఫస్ట్ స్ట్రీట్ గ్యారేజి. అక్కడకు వచ్చిన వాహనము తిరిగి రోడ్డెక్కుటకు సగటున 9 రోజులు పట్టుచుండెను. స్థానిక విశ్వవిద్యాలయములో సంఖ్యాశాస్త్రాచార్యుడైన విలియం హంటర్ ఈ ప్రయత్నమునకు తోడ్పడెను. మెకానిక్కులకు కావలసి వచ్చినది కఠిన గణితము కాదు. ఏ బండి ఎందుకు ఆగినదో వ్రాసి ఉంచుట, ఆ కారణములను లెక్కించుట, ప్రతి జవాబుపైన మరల 'ఎందువలన?' అని అడుగుట, ఇంతమాత్రమే.

ఆ ప్రశ్న వారిని చాల దూరము నడిపించినది. బండ్లు ఆగుటకు తరచు కారణము విడిభాగములు లేకపోవుట. అవి ఎందుకు లేవు? నగరమునకున్న 765 వాహనములలో, తయారీని బట్టియు సంవత్సరమును బట్టియు 440 రకములున్నవి! ఒక్కొక్క రకమునకు సగటున రెండు బండ్లయినను లేవు. అన్నిటికి భాగములు నిలువచేయుట ఎవరి తరము? ఇన్ని రకములెందుకు? కొను నాడు ఏది చౌకయో దానినే కొనవలెనను నియమము వలన. విడిభాగములు కొను ఉద్యోగి ఈ నియమము తప్పని ఒప్పుకొని, కొనుగోలు శాఖ అడ్డమనెను. కొనుగోలు శాఖ లెక్కల అధికారిని చూపినది. లెక్కల అధికారి నగర న్యాయవాదిని చూపెను. న్యాయవాది మాత్రము, మన్నికను, విడిభాగముల లభ్యతను, తిరిగి అమ్మినప్పుడు వచ్చు ధరను ముందుగానే షరతులలో చేర్చినచో చట్టరీత్యా ఆటంకము లేదనెను. ఇంతకాలము అట్లే జరుగుచున్నదని అతడు అనుకొనుచుండెనట! లేని నిషేధమును అందరును పాటించుచుండిరన్నమాట. నింద మాత్రము మెకానిక్కులపై పడుచుండెను.

పోలీసు కార్లలో వెంట తిరిగి చూచిన మెకానిక్కులకు మరొక సంగతి తెలిసినది. ఆ కార్లు దొంగలను తరుముచు పరుగెత్తునది చాల తక్కువ. ఇంజను ఆడుచుండగా నిలిచియుండుటయే ఎక్కువ. ఇంజనులను ఇక తదనుగుణముగా సవరించిరి. చెడిన తరువాత బాగుచేయుట కంటె చెడకముందే సంరక్షించుట మేలని లెక్కలు చూపినవి. మరమ్మతు కాలము 9 రోజుల నుండి మూడింటికి దిగెను. కొనుగోలులోని 24 అంచెలు మూడయ్యెను. ముందస్తు సంరక్షణపై పెట్టిన ప్రతి డాలరుకు 7.15 డాలర్లు ఆదా అయినట్లు, సంవత్సరమునకు నికరముగా సుమారు 7 లక్షల డాలర్లు మిగిలినట్లు తేలినది. ఈ లెక్క నగరమువారు స్వయముగా ప్రకటించినదే యని గమనింపవలెను. రోజుల లెక్కయే మనకు ఎక్కువ స్పష్టమైన సాక్ష్యము.

హంటర్ ఈ ప్రయోగముపై మరి ఇద్దరితో కలిసి 1986లో నివేదిక వెలువరించి, ఆ సంవత్సరాంతముననే 49వ ఏట మరణించెను. 1989 ఎన్నికలలో సెన్సెన్‌బ్రెనర్ ఓడిపోయెను. గ్యారేజి వృత్తాంతమును అతడు 1991లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో వ్రాసెను.