పుట్టిన పూటే పెళ్ళి

పదకొండున్నర. భద్రాచలం మిథిలా స్టేడియంలో తువాలు మడతపెట్టి వేసుకున్నా కింద సిమెంటు మెట్టు కాలుతూనే ఉంది. పైన చలువ పందిరి ఉందన్న మాటే గానీ చైత్రమాసపు ఎండ దాన్ని లెక్కచెయ్యడం లేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగు తడిపి నెత్తిన వేసుకుంది. కోరుకొండ వైపు నుంచి వచ్చిందట. మాటల మధ్యలో కుడిచెయ్యి నా ముందు చాపింది. బొటనవేలి గోరు అంచు అరిగిపోయి, పసుపు పట్టి ఉంది.

"రోలూ లేదు, రోకలీ లేదు బాబూ. ఒక్కో వడ్లగింజా గోటితోనే ఒలిచాం. విరిగితే పక్కన పెట్టెయ్యడమే."

ఆ బియ్యమే ఈ సీతారాముల పెళ్ళికి గోటి తలంబ్రాలు. ఇవి కాక సర్కారు వారి ముత్యాల తలంబ్రాలూ, పట్టువస్త్రాలూ వేరే వస్తాయి. ఆ ఆనవాయితీ గోల్కొండ తానీషా నాటిదంటారు. ఖజానా సొమ్ముతో గుడి కట్టాడని తహసీల్దారు కంచర్ల గోపన్నని, అదే మన రామదాసుని, బందిఖానాలో పెట్టించిందీ ఆయనే. చెరసాలా ఆయనదే, ముత్యాలూ ఆయనవే!

మండపం మీద సీతమ్మ నడుముకి దర్భతాడు కడుతున్నారు. ఇంత దూరం నుంచి నాకు కనిపించేది పూలదండల గుట్ట ఒక్కటే. ఉండబట్టలేక అడిగేశాను: "రాముడు పుట్టింది ఈ మధ్యాహ్నమే కదా పెద్దమ్మా, పెళ్ళి చేస్తారేంటి?"

నావైపు జాలిగా చూసింది. "పుట్టింది అయోధ్యలో. పురుడు వాళ్ళు పోసుకుంటారు. మేం ఆడపెళ్ళివాళ్ళం."

పన్నెండు. అభిజిత్ లగ్నం. జీలకర్ర, బెల్లం తలల మీద పెట్టగానే గట్టిమేళం మోగింది. పక్కవాడేదో అంటున్నాడు, పెదాలు కదలడమే తెలుస్తోంది. అర్చకుడు మంగళసూత్రాలు పైకెత్తి నాలుగు దిక్కులా తిప్పి చూపిస్తున్నాడు. ఎక్కడైనా రెండే, ఇక్కడ మూడు. పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి, రామదాసు చేయించింది ఇంకొకటి. మామగారి వరసలో ఒక తహసీల్దారు! పెద్దావిడ చెయ్యి తనకి తెలియకుండానే మెడలో పుస్తెల మీదికి పోయింది.

తలంబ్రాలు మొదలయ్యాయి. గులాలు కలిపిన బియ్యం, గులాబి రంగులో దోసిళ్ళకి దోసిళ్ళు. ఇంతమందిమీ లేచి నిలబడ్డాం, ముందువాళ్ళ తలల సందుల్లోంచి దక్కినంతే దర్శనం.

ఎవరో పానకం గ్లాసు చేతిలో పెట్టారు. బెల్లం తీపి గొంతు దిగీ దిగకముందే మిరియం ఘాటు తగిలి పొలమారింది. నా నెత్తిన తట్టి నవ్వింది ఆవిడ.

జనం పల్చబడ్డాక తలంబ్రాల పొట్లం అందింది. ఆవిడ అక్కడే విప్పి, ఒక గింజని అరచేతిలో వేసుకుని, గోటితో అటూ ఇటూ దొర్లించి చూసింది.

"విరగలేదు," అంది.