అవ్వ చేతి పచ్చ

మన ఆదిలాబాద్ గోండు గూడేల్లో అవ్వల ముంజేతుల మీద పచ్చబొట్లు చూసే ఉంటారు. సూదులతో పొడిచి మసి అద్దిన చుక్కలు, గీతలు. వెండి కడియం ఇక్కడే ఉండిపోతుంది, పచ్చ మాత్రం చచ్చాక కూడా వెంట వస్తుందని పెద్దల నమ్మకం. ఆ చేయి ముడతలు పడితే అందం తగ్గిందన్న మాట నేనైతే వినలేదు.

నగరాల లెక్క వేరు. ముఖం దాచిన వయసును చేయి చెప్పేస్తుందని అక్కడి దిగులు. చర్మం కింద కొవ్వు తగ్గి నరాలు తేలితే అదొక లోపం. 2015లో అమెరికా ప్రభుత్వం అరచేతి వెనుక భాగాన్ని నింపే ఇంజెక్షన్‌కు అనుమతి ఇచ్చింది. ఎముకలో ఉండే ఖనిజం లాంటిదే ఆ మందు. అక్కడా సూదే! కాకపోతే కొంతకాలానికి కరిగిపోతుంది, మళ్లీ పొడిపించుకోవాలి.

మొన్న హాస్టల్ పిల్ల ఒకతి పచ్చబొట్టును లేజర్‌తో తీయించుకోవచ్చా అని నన్నడిగింది. ఎవరు పొడిపించారన్నాను. అవ్వ ఒళ్లో కూర్చోబెట్టుకుని పొడిపించిందట.