ఈ రోజు ఏ వాచీ?

పొద్దున్నే తయారవుతుంటే నాకు రోజూ ఒకటే తగువు. బల్ల మీద రెండు వాచీలు. ఒకటి మొదటి జీతంతో కొనుక్కున్న టైటాన్ క్వార్ట్జ్, ఇంకోటి నాన్న ఇచ్చిన హెచ్.ఎం.టి. జనతా. ఏది పెట్టుకోవాలి?

సెల్‌ఫోన్ ఉండగా వాచీ ఎందుకంటారా? నిజమే. కానీ మా సికింద్రాబాద్‌లో ఒకప్పుడు టైము కావాలంటే చాలామంది తలెత్తి చూడాల్సిందే. 120 అడుగుల క్లాక్ టవర్‌ని 1897లో ప్రారంభించారు. అందులో గడియారం సేఠ్ లక్ష్మీనారాయణ్ రాంగోపాల్ అనే వ్యాపారి ఇచ్చిన విరాళం. అంటే టైము ఊరందరి ఉమ్మడి ఆస్తి అన్నమాట!

తమాషా ఏంటంటే, అప్పటికింకా దేశమంతటికీ ఒకే టైము లేదు. రైళ్ళకి మద్రాసు టైము ఉండేది. భారత ప్రామాణిక సమయం వచ్చింది 1906 జనవరి 1న. అది లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర పోతుంది. మనం ఉన్నది 78.5 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడి సూర్యుడు 16 నిమిషాలు లేటు! ‘కరెక్ట్ టైము’ అనేది మనమంతా కలిసి ఒప్పుకున్న మాటే తప్ప ఇంకేం కాదు.

తర్వాత టైము గోపురం దిగి మామూలు జనం చేతికొచ్చింది. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలయ్యాయి. జనతా ఎవరికోసమో పేరులోనే ఉంది. అది సెకనుకి 5 సార్లు కొట్టుకుంటుంది. 1987లో టైటాన్ దిగింది. క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది, మాలాంటి ఇంజనీర్లకి ముచ్చటేసే లెక్క. 5 ఎక్కడ, 32,768 ఎక్కడ! 2016లో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసెయ్యడానికి కేంద్రం ఒప్పేసుకుంది.

కాబట్టి క్లయింట్‌తో మీటింగ్ ఉంటే టైటానే. జనతా రోజుకి రెండు నిమిషాలు వెనకపడుతుంది మరి.

కానీ ఇవాళ నాన్నకి కంటి ఆపరేషన్. కొన్నాళ్ళుగా ఆయనకి ఫోన్‌లో అంకెలు ఆనడం లేదు. నా చెయ్యి లాక్కుని జనతాని చెవికి ఆనించుకుంటారు. ‘నడుస్తోందిరా’ అంటారు, అంతే.

కీ ఇచ్చి, రెండు నిమిషాలు ముందుకి తిప్పి, అదే పెట్టుకున్నాను.